గోళీ ఎక్కడ పడుతుంది? 50 లెక్కలు, ఒక ప్లాస్టిక్ గాడి: ప్రాజెక్టు డైరీ

ప్రక్షేపకాల (గాల్లోకి విసిరిన వస్తువుల) సూత్రాలన్నీ నోటికి వచ్చి కూడా లెక్కల్లో సగం తప్పు చేసేవాళ్ళ కోసం ఈ డైరీ. నేనూ ఆ బాపతే. కొత్త నోటుబుక్కు, రంగు పెన్నులు, మొదటి రెండు రోజుల ఊపు, వాటి గురించి రాయను. ఎక్కడ తప్పింది, ఎంత తప్పింది, తర్వాత ఏం మార్చాను అన్నదే రాస్తాను. కావాలనుకున్నవాళ్ళు ఇదే పద్ధతి వాడుకోవచ్చు. కనీసం నేను పోగొట్టుకున్న సాయంత్రాలు మీకు మిగులుతాయి.

పెట్టుకున్న నియమాలు:

1. మొత్తం 50 లెక్కలు. అంకె, గుర్తు, ప్రమాణం మూడూ సరిపోతేనే "సరి". ఒక్కటి పోయినా తప్పే.
2. కాగితం మీద లెక్కల్లో గురుత్వ త్వరణం (ఇక్కడి నుంచి జి) 10. టేపు పెట్టి కొలిచిన చోట 9.8.
3. టి అంటే కాలం, సెకన్లలో. పైకి ధన దిశ, కిందికి రుణ దిశ.
4. జవాబు పెన్నుతో రాసి గీత గీశాకే వెనక పేజీ చూడాలి. పెన్సిల్ వద్దు. చెరిపేసిన తప్పు మళ్ళీ చేస్తాం.

జి సంగతి ఒక్క మాట. ప్రామాణిక విలువ 9.80665 అని 1901లో ఖాయం చేశారు. నిజానికి భూమధ్యరేఖ దగ్గర 9.78, ధ్రువాల దగ్గర 9.83. దాన్ని 10 అనుకుంటే 2 శాతం తేడా. కాలం లెక్కలో వర్గమూలం వస్తుంది కాబట్టి అక్కడ 1 శాతమే. కాగితం మీద ఇది పట్టదు.

దశ 1: మొదటి 12 లెక్కలు

12కి 5 సరి. ఇంత తక్కువ వస్తుందనుకోలేదు. తప్పుల్లో ఒకటి ప్రశ్న సరిగ్గా చదవకపోవడం, దాని గురించి చెప్పడానికేం లేదు. మిగతా ఆరింటిలో రెండు చూపిస్తాను.

లెక్క నం. 4. 25 మీటర్ల ఎత్తున్న మేడ అంచు నుంచి రాయిని 20 మీ./సె. వేగంతో నిట్టనిలువుగా పైకి విసిరారు. నేలను ఎప్పుడు తాకుతుంది?

నేను రాసింది: 25 = 20టి − 5టి². సర్దితే టి² − 4టి + 5 = 0. వర్గమూలం కింద 16 − 20, అంటే రుణ సంఖ్య. జవాబే లేదు. మూడుసార్లు కూడికలు సరిచూసుకున్నాను, ఎక్కడా తప్పు లేదు. నా లెక్క ప్రకారం ఆ రాయి ఇంకా గాల్లోనే ఉంది.

తమ్ముడు పక్క నుంచి తొంగి చూశాడు. "అక్కా, ఈ 25 పైకా, కిందికా?"

"మేడ ఎత్తు రా."

"నువ్వు రాసింది పైకి 25. అంటే మేడ మీద నుంచి ఇంకో 25 మీటర్లు పైకి ఎప్పుడు చేరుతుందీ అని అడిగావు. చేరదు అని చెప్పింది. పాపం, లెక్క సరిగ్గానే చెప్పిందిగా!"

నిజమే. 20 మీ./సె. వేగంతో విసిరిన రాయి 20 మీటర్లే లేస్తుంది (400ని 20తో భాగిస్తే 20). 25 మీటర్లకు ఎప్పటికీ చేరదు. నేను అడిగిన ప్రశ్నకు వచ్చింది సరైన జవాబే. అడగాల్సిన ప్రశ్న అది కాదు, అంతే.

సరిచేస్తే: నేల మేడ అంచుకు 25 మీటర్లు కింద ఉంది, కాబట్టి −25 = 20టి − 5టి². అంటే టి² − 4టి − 5 = 0. మూలాలు 5, −1. జవాబు 5 సెకన్లు.

ఆ −1ని ఇన్నాళ్ళూ "కాలం రుణాత్మకం కాదు" అని కొట్టేసి ముందుకు పోయేదాన్ని. ఈసారి దాన్ని కూడా అడిగి చూశాను. రాయిని విసరడానికి 1 సెకను ముందు, ఎవరో నేల మీద నుంచి 30 మీ./సె. వేగంతో పైకి విసిరి ఉంటే, 1 సెకను తర్వాత అది 30 − 5 = 25 మీటర్ల ఎత్తులో, సరిగ్గా 20 మీ./సె. వేగంతో మేడ అంచును దాటేది. అక్కడి నుంచి రెండు రాళ్ళ దారీ ఒక్కటే. తిరిగి నేలను తాకే వేగం కూడా 20 − 50 = −30. పోయేటప్పుడు 30, వచ్చేటప్పుడు 30. పనికిరాదని పారేసే మూలంలో జవాబును సరిచూసుకునే దారి ఉంది.

లెక్క నం. 9. 40 మీటర్ల ఎత్తు నుంచి రాయిని 10 మీ./సె. వేగంతో కిందికి విసిరారు. నేల చేరే కాలం?

"నేల మీద పడ్డాక ఆగిపోతుంది, కాబట్టి తుది వేగం సున్నా" అనుకున్నాను. 0 = −10 − 10టి, టి = −1. ఇక్కడ కూడా తమ్ముడి కిటుకే వాడాను: ఈ −1 ఏ ప్రశ్నకు జవాబు? రాయి వేగం సున్నాగా ఎప్పుడు ఉండేది అన్న ప్రశ్నకు. 1 సెకను ముందు, చేతికి 5 మీటర్ల పైన ఎవరైనా దాన్ని ఊరికే వదిలి ఉంటే ఇక్కడికి 10 మీ./సె. వేగంతో వచ్చేది. నేలకూ ఈ సున్నాకూ సంబంధం లేదు. సూత్రాలు పనిచేసేది రాయి గాల్లో ఉన్నంతసేపే. నేల తగిలిన క్షణం నుంచి త్వరణం 10 కాదు, కాబట్టి నేల మీద ఆగడం మన లెక్కలోకి రాదు. సరైన జవాబు: −40 = −10టి − 5టి², టి = 2 సెకన్లు. తాకే వేగం 30 మీ./సె.

ఇప్పటివరకు: లెక్కలు 12, సరి 5, తప్పు 7 (దిశ గుర్తు 4, నేల మీద వేగం సున్నా 2, ప్రశ్న చదవకపోవడం 1).

దశ 2: పట్టిక, ఇంకో 14 లెక్కలు

ఏడు తప్పుల్లో ఒక్కటి కూడా కూడికలూ గుణకారాలూ తప్పి వచ్చింది కాదు. అన్నీ మొదటి సమీకరణం రాయకముందే జరిగిపోయాయి. అందుకని ప్రతి లెక్కకూ ముందు ఈ పని పెట్టుకున్నాను:

1. బొమ్మ గీయండి. సున్నా ఎక్కడో చుక్క పెట్టండి. నేను వస్తువు చేతిని వదిలిన చోటే సున్నా పెడతాను.
2. పైకి బాణం గీసి పక్కన ధన గుర్తు వేయండి. ప్రతి బొమ్మలోనూ, బద్ధకించకుండా.
3. రెండు నిలువు గళ్ళు గీయండి. ఒకటి అడ్డం చలనానికి, ఒకటి నిలువు చలనానికి.
4. ఒక్కో గడిలో తొలి వేగం, తుది వేగం, త్వరణం, స్థానభ్రంశం, కాలం. అడ్డం గడిలో త్వరణం ఎప్పుడూ 0, నిలువు గడిలో ఎప్పుడూ −10.
5. రెండు గళ్ళకూ ఉమ్మడిది కాలం ఒక్కటే. ఒక గడిలో దాన్ని కనుక్కుని రెండో గడిలోకి మోయండి.
6. జవాబు వచ్చాక కింద ఒక వరుస: "ఇది ఏ ప్రశ్నకు జవాబు?"

ఆరోది తమ్ముడి పుణ్యం. మొదట సరదాగా రాశాను, చివరికి పట్టిక మొత్తంలో ఎక్కువ పనికొచ్చింది అదే.

14లో 9 సరి. దిశ గుర్తు తప్పు ఒక్కటీ లేదు. కానీ కొత్త తప్పులు వచ్చాయి.

ఒకటి చెప్పుకుంటే సిగ్గుచేటు. కాలిక్యులేటరు డిగ్రీల్లో కాకుండా రేడియన్లలో (కోణానికి ఇంకో కొలత) ఉంది. సైన్ 30 విలువ −0.988 వచ్చింది. పైకి విసిరిన బంతి కిందికి పోయింది. నేను దాన్ని కూడా వివరించడానికి ప్రయత్నించాను! మొదలుపెట్టే ముందు సైన్ 30 నొక్కి 0.5 వస్తుందో లేదో చూడండి. రెండు సెకన్ల పని.

మూడు తప్పులు వ్యాప్తి (విసిరిన చోటి నుంచి పడే చోటికి అడ్డం దూరం) సూత్రం వల్ల. వేగం వర్గం × సైన్ (2 × కోణం) ÷ జి. నోటికి బాగా వచ్చిన సూత్రం, చెయ్యి ముందు దాని మీదకే పోతుంది.

లెక్క నం. 17. 45 మీటర్ల ఎత్తున్న కొండ అంచు నుంచి బంతిని 30 డిగ్రీల కోణంలో 20 మీ./సె. వేగంతో విసిరారు. కొండ కింద నేల మీద ఎంత దూరంలో పడుతుంది?

సూత్రంలో పెట్టేశాను: 400 × 0.866 ÷ 10 = 34.6 మీటర్లు. వెనక పేజీలో 72.1.

దాదాపు సగం. 34.6 ఏ ప్రశ్నకు జవాబు? బంతి మళ్ళీ కొండ అంచు ఎత్తుకు దిగివచ్చినప్పుడు ఎంత దూరంలో ఉంటుందన్న ప్రశ్నకు. దాని కింద ఇంకా 45 మీటర్ల గాలి ఉంది. విసిరిన ఎత్తూ పడిన ఎత్తూ ఒకటే అయినప్పుడే ఈ సూత్రం చెల్లుతుంది.

పట్టికలో చేస్తే: తొలి నిలువు వేగం 10, అడ్డం వేగం 17.32. −45 = 10టి − 5టి², అంటే టి² − 2టి − 9 = 0. టి = 1 + √10 = 4.162. దూరం 17.32 × 4.162 = 72.1 మీటర్లు.

ఇక్కడ కాస్త పక్కకు వెళ్ళాను. "45 డిగ్రీల్లో విసిరితే అన్నిటికంటే దూరం పోతుంది" అని అందరం బట్టీ పట్టినదే. ఇదే కొండ మీద నుంచి 45 డిగ్రీల్లో విసిరి చూశాను: వేగంలో అడ్డం, నిలువు అంశాలు రెండూ 14.14, కాలం 4.73 సెకన్లు, దూరం 66.9 మీటర్లు. 30 డిగ్రీలకన్నా తక్కువ! ఎత్తు నుంచి విసిరేటప్పుడు ఎక్కువ దూరం పోయే కోణం 45 కంటే కిందే ఉంటుంది. ఈ లెక్కకు అది దాదాపు 29 డిగ్రీలు. ప్రశ్న తయారుచేసినవాళ్ళు 30 ఇచ్చింది కావాలనో, కాకతాళీయమో.

అయిదో తప్పు గరిష్ఠ ఎత్తు దగ్గర వేగం సున్నా అనుకోవడం. అక్కడ సున్నా అయ్యేది నిలువు అంశం ఒక్కటే. 20 మీ./సె. వేగంతో 60 డిగ్రీల్లో విసిరితే శిఖరం దగ్గర కూడా 10 మీ./సె. అడ్డంగా పోతూనే ఉంటుంది.

ఇప్పటివరకు: లెక్కలు 26, సరి 14, తప్పు 12.

దశ 3: గాడి, గోళీ, కార్బన్ పేపర్

కాగితం మీద జవాబు వెనక పేజీలో ఉంటుంది. వెనక పేజీ లేని లెక్క ఒకటి చేయాలనిపించింది. గోళీని వాలు మీద నుంచి దొర్లించి, బల్ల అంచు దాటాక నేల మీద ఎక్కడ పడుతుందో ముందే చెప్పాలి.

సామాను:

1. స్టీలు గోళీ, వ్యాసం 16.0 మి.మీ. (వెర్నియర్ కాలిపర్స్‌తో కొలిచింది).
2. ప్లాస్టిక్ గాడి ఒకటే ముక్క, పైన నోరు 8 మి.మీ. వెడల్పు. గోళీ లోపలికి దిగదు, రెండు అంచుల మీద కూర్చుంటుంది.
3. తెల్ల కాగితం, దాని మీద కార్బన్ పేపర్, టేపు.
4. రసమట్టం, కొలత టేపు, దారానికి కట్టిన నట్టు.

గాడి ఒక కొనను పుస్తకాల దొంతర మీదకు ఎత్తి, రెండో కొనను బల్ల అంచు దగ్గర అడ్డంగా పడుకోబెట్టాను. గోళీ వదిలిన చోటికీ గాడి కొసకూ ఎత్తు తేడా 15.0 సెం.మీ. కొస నుంచి నేలకు 76.2 సెం.మీ.

నా అంచనా: స్థితిజ శక్తి మొత్తం గతిజ శక్తి అవుతుంది, కాబట్టి కొస దగ్గర వేగం √(2 × 9.8 × 0.15) = 1.715 మీ./సె. కింద పడే కాలం √(2 × 0.762 ÷ 9.8) = 0.394 సె. దూరం 67.6 సెం.మీ. కాగితం మధ్యలో 67.6 దగ్గర అడ్డగీత గీసి, గోళీ వదిలాను.

కార్బన్ పేపర్ మీద కూడా పడలేదు. అంత ముందే పడింది.

ముందు చేత్తో వదిలే తీరు సరిచేసుకోవాల్సి వచ్చింది. వేళ్ళతో పట్టుకుని వదిలితే పది గోళీలు 4 సెం.మీ. మేర చెల్లాచెదురుగా పడ్డాయి. వదిలేటప్పుడు వేలు తెలియకుండానే కొంచెం తోస్తుంది. స్కేలును గాడికి అడ్డంగా నిలబెట్టి, గోళీని దానికి ఆనించి, స్కేలును ఒక్కసారిగా పైకి లాగడం మొదలుపెట్టాక దగ్గరకు వచ్చాయి. కొస కింద నేల మీద సున్నా ఎక్కడో దారం వేలాడదీసి గుర్తు పెట్టాను. అంతకుముందు బల్ల అంచునుంచి కొలిచేదాన్ని, గాడి అంచును దాటి 1.5 సెం.మీ. బయటికి ఉందని చూసుకోలేదు.

పది కొలతలు, సెం.మీ.లో: 53.0, 53.5, 53.3, 52.9, 53.6, 53.2, 53.4, 53.7, 53.1, 53.3. సగటు 53.3.

అంచనా 67.6, కొలత 53.3. లోటు 14.3 సెం.మీ.

మొదట ఘర్షణ మీదకు నెట్టేశాను. ఎవరైనా అదే చేస్తారు. కానీ లెక్క వేస్తే, ఈ లోటంతా ఘర్షణదే అయితే శక్తిలో 38 శాతం దానికే పోవాలి. స్టీలు గోళీ నున్నటి ప్లాస్టిక్ మీద దొర్లితే అంత పోదు. గాలి మీదకు నెట్టాను. ఈ బరువుకీ ఈ వేగానికీ గాలి తీసుకునేది ఒక మి.మీ. లోపే.

రెండు రోజులు అలాగే వదిలేసి, పట్టికలో ఆరో వరుస రాయడానికి కూర్చున్నాను. 67.6 ఏ ప్రశ్నకు జవాబు? "గోళీ ఏమాత్రం తిరగకుండా, జారుతూ దిగితే ఎక్కడ పడుతుంది?" అన్న ప్రశ్నకు. నా గోళీ జారలేదు, దొర్లింది. తిరగడానికి కూడా శక్తి కావాలి. ఆ వాటా పోగా మిగిలిందే ముందుకు పోయే వేగానికి దక్కుతుంది.

సవరణ 1. ఘన గోళం చదునైన వాలు మీద జారకుండా దొర్లితే వేగం వర్గం 2 × జి × ఎత్తు ÷ 1.4 (ముందుకు పోవడానికి 1 వాటా అయితే, తిరగడానికి 0.4). దూరం 57.1 సెం.మీ. లోటు 14.3 నుంచి 3.8కి దిగింది.

సవరణ 2. నా గోళీ చదును మీద లేదు, రెండు అంచుల మీద ఉంది. గోళీ వ్యాసార్థం 8 మి.మీ. అయినా, అంచులు తగిలే చోటు గోళీ తిరిగే అక్షానికి √(64 − 16) = 6.93 మి.మీ. దూరంలోనే ఉంది. అంటే అదే దూరం పోవడానికి గోళీ ఇంకా ఎక్కువసార్లు తిరగాలి. అప్పుడు 1.4 బదులు 1 + 0.4 × 64 ÷ 48 = 1.533. దూరం 54.6 సెం.మీ. లోటు 1.3.

సవరణ 3. కొస దగ్గర రసమట్టం పెట్టాను. ఈ పని మొదటే చేయాల్సింది. గాడి చివరి 20 సెం.మీ.లో 7 మి.మీ. కిందికి వాలి ఉంది, అంటే 2 డిగ్రీలు. గోళీ అడ్డంగా కాదు, కిందికి చూస్తూ బయల్దేరుతోంది. లెక్కలో పెడితే 7 మి.మీ. తగ్గుదల. లోపలి వైపు కింద పెట్టిన అట్ట తీసేసి మట్టం చేశాను, కొస ఎత్తు మారలేదు. వదిలే గుర్తును మళ్ళీ 15.0కి జరిపాను. కొత్త సగటు 54.0.

మిగిలిన లోటు 0.6 సెం.మీ. శక్తిలో 2 శాతం. ఇప్పుడు ఘర్షణ మీద వేయడానికి నాకు అభ్యంతరం లేదు.

చేయబోయేవాళ్ళకు కొన్ని మాటలు:

1. గాడి ఒకటే ముక్క అయి ఉండాలి. ముందు రెండు ముక్కలు అతికించాను. అతుకు దగ్గర గోళీ ఎగిరి పడింది, ఆ కొలతలన్నీ పారేశాను.
2. వాలు ఎత్తులో 1 సెం.మీ. తప్పు కొలిస్తే దూరంలో 1.8 సెం.మీ. తేడా. బల్ల ఎత్తులో అదే తప్పుకు 0.4 మాత్రమే. జాగ్రత్తంతా వాలు ఎత్తు మీద పెట్టండి. నేను తిరగేసి చేశాను, బల్ల ఎత్తు ఆరుసార్లు కొలిచాను.
3. కాగితాన్ని నాలుగు మూలలా టేపుతో అంటించండి. గోళీ దెబ్బకు జరుగుతుంది.
4. టేబుల్ టెన్నిస్ బంతితో మాత్రం మొదలుపెట్టకండి. అది బోలు గోళం, తిరగడానికి తీసుకునే వాటా ఎక్కువ. పైగా 2.7 గ్రాముల బరువుతో గాలికి బాగా లొంగుతుంది. రెండూ ఒకేసారి మారితే ఏది ఎంత తగ్గించిందో విడదీయలేం. ఒక సాయంత్రం ఇలాగే పోయింది.

ఇంకో విషయం ఆలస్యంగా కళ్ళబడింది. జి 10 పెట్టాలా 9.8 పెట్టాలా అని తెగ ఆలోచించాను కదా. రెండు సమీకరణాలనూ కలిపి రాస్తే జి కొట్టుకుపోతుంది! దూరం = 2 × √(వాలు ఎత్తు × బల్ల ఎత్తు ÷ 1.533). జి తక్కువైతే వాలు మీద వేగం తగ్గుతుంది, గాల్లో ఉండే కాలం అదే నిష్పత్తిలో పెరుగుతుంది. జి 1.62 మాత్రమే ఉన్న చంద్రుడి మీద కూడా ఈ గోళీ ఇదే గీత మీద పడుతుంది. నెమ్మదిగా పడుతుంది, అంతే.

ఈ ప్రయోగం కొత్తదేం కాదు. 1608 ప్రాంతంలో గెలీలియో కూడా వాలు మీద బంతిని దొర్లించి, బల్ల దాటాక ఎంత దూరంలో పడిందో రాసుకున్నాడు. ఆ చేతిరాత కాగితం ఫ్లోరెన్స్ గ్రంథాలయంలో ఉంది. విసిరిన వస్తువు దారి పరావలయమని 1638లో అచ్చయిన పుస్తకంలో చెప్పాడు. తిరగడానికి పోయే శక్తి సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు. అయితే ఆయన ఒక కొలతను ఆధారంగా తీసుకుని మిగతావి దాని నిష్పత్తిలో ఎంత రావాలో చూశాడు. నిష్పత్తి తీస్తే 1.4 అయినా 1.533 అయినా కొట్టుకుపోతుంది. నేనూ అలాగే చూశాను: వాలు ఎత్తు సగానికి, 7.5కి దించితే దూరం 54.0 ÷ √2 = 38.2 రావాలి. వచ్చింది 38.0. రెండు రోజులు తిప్పలు పెట్టిన సవరణలేవీ ఇందులో అక్కరలేదు.

మొత్తం గోళీలు: 64. పారేసిన కొలతలు: 34. వాడినవి: 30.

దశ 4: మళ్ళీ కాగితం, 14 లెక్కలు

14లో 11 సరి. మూడు తప్పులు.

ఒకటి మధ్యలో సవరించడం, అంటే దశాంశాలను దగ్గరి అంకెకు కుదించడం. గోళీ లెక్కనే పోలిన లెక్కలో 0.394 సెకన్లను 0.4 అని రాసేశాను. 54.6 రావాల్సింది 55.4 వచ్చింది. బల్ల దగ్గర చివరికి మిగిలిన 0.6 లోటుకంటే ఈ ఒక్క కుదింపు పెద్దది. సవరించడం చివరి గీతలోనే.

రెండోది శిఖరం దగ్గర వేగం సున్నా, మళ్ళీ. ఏం చెప్పను.

మూడోది గడుసుది. "నిలువుతో 30 డిగ్రీల కోణంలో, 20 మీ./సె. వేగంతో" అని ఇచ్చారు. నేను అడ్డంతో 30 అనుకుని సైన్, కాస్ తారుమారు చేశాను. వ్యాప్తి 34.6 మీటర్లు, వెనక పేజీలోనూ అంతే. సరి అని టిక్కు పెట్టబోయాను. రెండో భాగంలో గరిష్ఠ ఎత్తు అడిగారు: నాకు 5 మీటర్లు, వాళ్ళకు 15. 30 డిగ్రీలకూ 60 డిగ్రీలకూ వ్యాప్తి ఒకటే కాబట్టి మొదటి భాగంలో తప్పు దాక్కుంది. ఆ రెండో భాగం అడగకపోతే నాకు తెలిసేదే కాదు.

ఇప్పటివరకు: లెక్కలు 40, సరి 25, తప్పు 15.

దశ 5: నీటి ధార

30కీ 60కీ వ్యాప్తి ఒకటే అన్నది కళ్ళతో చూడాలనిపించింది. ఎత్తులో బకెట్టు, దాని నుంచి సన్నటి పైపు, చివర నాజిల్. బకెట్టులో నీటిమట్టం నాజిల్‌కు 50 సెం.మీ. పైన. మట్టం దిగితే వేగం తగ్గుతుంది కాబట్టి, ఒకరు మగ్గుతో పోస్తూనే ఉండాలి. ఆ పని తమ్ముడిది.

ధార పడే చోట ట్రే పెట్టాం. 30 డిగ్రీలకు 87 సెం.మీ., 60 డిగ్రీలకు 82. ఒకటి కాలేదు.

ఈసారి రెండు రోజులు పట్టలేదు. ట్రే నాజిల్‌కంటే 5 సెం.మీ. కింద ఉంది. లెక్క నం. 17 చిన్న సైజులో మళ్ళీ ఎదురైంది. 3 మీ./సె. వేగానికి ఆ 5 సెం.మీ. కలిపి లెక్కేస్తే 87.4, 82.3 రావాలి. పడుకున్నట్టు వచ్చే ధార ఆ 5 సెం.మీ. దిగేలోపు ఎక్కువ ముందుకు పోతుంది, నిటారుగా వచ్చేది తక్కువ పోతుంది. ట్రే కింద చెక్క పెట్టి నాజిల్ ఎత్తుకు లేపాక 79, 78. లెక్క ప్రకారం రెండూ 79.5. ధార పడే చోటు వేలి వెడల్పున ఉంటుంది కాబట్టి అంతకు మించి పట్టి కొలవలేకపోయాను. 45 డిగ్రీలకు 92.

నేల తుడవడానికి పట్టిన సమయం కొలవలేదు.

దశ 6: చివరి 10

10లో 9 సరి. తప్పు పోయిన ఆ ఒక్కటీ, లెక్క నం. 48:

5 మీ./సె. వేగంతో పైకి పోతున్న బెలూన్ నుంచి, నేలకు 60 మీటర్ల ఎత్తులో ఉన్నప్పుడు, ఒక రాయిని వదిలారు. నేల చేరడానికి ఎంతసేపు?

వదిలిన రాయి తొలి వేగం సున్నా కాదని, బెలూన్ వేగమే దానికీ ఉంటుందని గుర్తుంది. ఆ సంబరంలో బొమ్మ గీయలేదు, బాణం వేయలేదు. "అంతా కిందికేగా" అనుకుని 60 = 5టి + 5టి² రాశాను. టి² + టి − 12 = 0. మూలాలు 3, −4. జవాబు 3 సెకన్లు. మూలాలు పూర్ణ సంఖ్యలుగా రావడంతో సరే అనుకుని గీత గీసేశాను.

వెనక పేజీలో 4.

కిందికి ధన దిశ అనుకున్నప్పుడు పైకి పోయే 5 రుణం కావాలి: 60 = −5టి + 5టి². మూలాలు 4, −3. అవే అంకెలు, గుర్తులు తారుమారు. దశ 1లో నాలుగుసార్లు చేసిన తప్పే, 36 లెక్కలు ఆగి తిరిగొచ్చింది.

ఆరో వరుసలో రాసుకున్నాను: "3 సెకన్లు, దిగుతున్న బెలూన్ నుంచి వదిలిన రాయికి."

మొత్తం: లెక్కలు 50, సరి 34, తప్పు 16. దిశ గుర్తు 5, వ్యాప్తి సూత్రం చెల్లని చోట వాడటం 3, అంశాల తికమక 3, నేల మీద వేగం సున్నా 2, కాలిక్యులేటరు 1, మధ్యలో సవరణ 1, ప్రశ్న చదవకపోవడం 1. బొమ్మ గీయకుండా మొదలుపెట్టిన లెక్కలు దశ 2 తర్వాత ఒకే ఒక్కటి, నం. 48.